సమస్యాపూరణం: గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు, చిత్తూరు:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

గుండె తీసివేయ బండి నడిచె

పాదంలో ఐదు సూర్యగణాలున్నాయి. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ పొత్తు, దానికి బదులు ఆ రెండు చోట్లా రెండవ అక్షరాలు కలిస్తే ప్రాసయతి. ఇక్కడ గుండె, బండి అన్న మాటలకు ప్రాసయతి కుదిరింది. మిగిలిన మూడు పాదాలు మీరు పూరించాలి. ఈ పాదం నేను ఊహించి వ్రాసినది కాదు. మా నాయన మామిడికాయలు తోలిన పాత డీజిల్ పికప్పు ఆ మధ్య ఖాళీ టమాటా ట్రేలతో భాకరాపేట ఘాటు ఎక్కుతూ, బరువేమీ లేకపోయినా రెండో గేరు దాటలేక, వెనుక వచ్చేవారికి దారి కనబడనంత నీలిపొగ వదిలింది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న షెడ్డులో ఇంజన్ విప్పించాను. బోరింగు చేయించి, అంటే అరిగిన సిలిండర్లను తొలిపించి సరిచేయించి, నిలుపుకోవాలన్నదే నా కోరిక. అయితే పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, అంతకు ముందే మూడు సార్లు సాన పట్టించి ఉన్నారు. బేరింగులు 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు తక్కువ సైజుల్లో దొరుకుతాయి కాబట్టి ఒక్కొక్క సానకు ఒక్కొక్క మెట్టు దిగుతూ పోవచ్చు గాని, మా క్రాంకుకు ఆ మెట్లన్నీ అయిపోయాయి. వెనుక భాగం దెబ్బతిని మూలపడ్డ అదే నమూనా బండి ఇంజన్ను తెచ్చి, దానికి కొత్త లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు), పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించి, పాతదాని చోట కూర్చోబెట్టాము.

నియమం ఒక్కటే. పద్యం ఛందస్సులో నిలబడాలి, అందులోని మాట షెడ్డులోనూ నిలబడాలి.

పలమనేరు సభ్యులు:

పొగలు చిమ్మి చిమ్మి సెగలతోఁ గూలిన
పాత యింజనునకు బదులు వేఱు
దాని మేస్త్రి దెచ్చి దక్షత బిగియింప
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

పూరణ నిర్దోషంగా ఉంది. "వేఱుదాని" అన్న మాటను రెండు పాదాల మధ్య విరిచిన తీరు బాగుంది. మొదటి పాదంలో పొగలు, సెగలు అన్న ప్రాసయతి సమస్యలోని ప్రాసయతికి ముందుగానే శ్రుతి కలిపింది. నాకు లోటుగా తోచినది మూడవ పాదం. "దక్షత" అన్న ఒక్క మాటతో పనినంతా దాటిపోయారు. చైన్ పుల్లీకి వేలాడుతున్న ఇంజన్ను వెనక్కి జరిపేటప్పుడు, గేరుబాక్సు షాఫ్టు మీది పళ్లు క్లచ్ ప్లేటు నడిమిలోని గాళ్లలోకి సరిగ్గా దిగాలి. ఒకరు ఇంజన్ను రెండు చేతులా పట్టుకొని ఒత్తుతూ ఉంటే, మరొకరు ముందు వైపున పుల్లీ బోల్టుకు పానా వేసి వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పుతారు. పళ్లు కలిసిన క్షణాన అంత బరువూ ఒక్కసారిగా రెండంగుళాలు లోపలికి జారుతుంది. అప్పుడు వచ్చే మెత్తని చప్పుడు విన్నవారు దానిని "దక్షత" అన్న సాధారణమైన మాటతో సరిపెట్టలేరు. ఆ పాదాన్ని మరొకసారి ఆలోచించండి.

షెడ్డు మెకానిక్కు, తిరుపతి:

అయ్యవారికి నమస్కారం. మీ బండి పని చేసినవాణ్ణి నేనే కాబట్టి ధైర్యం చేసి వ్రాస్తున్నాను. గణాలు మా అమ్మాయి దగ్గర కూర్చొని నేర్చుకున్నాను. ఇంజన్‌లో సిలిండర్లు మండే వరుస 1-3-4-2 తప్పితే బండి వణికినట్టే, గణాల వరుస తప్పితే పద్యం వణుకుతుందని అర్థమైంది. తప్పులుంటే దిద్దండి.

రింగులరిగిపోయె గేస్కెటు మండెను
గీరుపడియె నూనె గీసివేయ
లేక నీలిపొగలు లేచె మార్చితిమయ్య
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

అన్నా, గణాలు అన్నీ సరిపోయాయి. తొలి ప్రయత్నంలో ఇది చిన్న విషయం కాదు. రెండవ పాదం నుంచి మూడవ పాదంలోకి "గీసివేయలేక" అని నడిపించడం అనుభవం ఉన్నవారి నడకలా ఉంది. నూనె రింగు చేసే పని లైనరు గోడ మీది నూనెను కిందికి గీసివేయడమే. అది అరిగితే నూనె పైకి ఎక్కి మంటలో కాలుతుంది, పొగ నీలంగా వస్తుంది. ఈ విషయాన్ని ఒక్క మాట వృథా చేయకుండా చెప్పారు.

దోషం మొదటి పాదంలో ఉంది. మొదటి అక్షరం "రిం", నాలుగవ గణం మొదటి అక్షరం "గే". ఈ రెంటికీ యతి కుదరదు, ప్రాసయతి కూడా లేదు. ఇంకొక సందేహమూ ఉంది. గ్యాస్కెట్ (హెడ్డు కింద సందు మూసే రేకు) కాలితే నీళ్లు సిలిండరులోకి దిగి తెల్లని ఆవిరి వస్తుంది, లేదా రేడియేటరులో బుడగలు లేస్తాయి. నీలిపొగకు అది కారణం కాదు. పైగా "గీరుపడియె" అన్న క్రియకు కర్త ఎవరు? గ్యాస్కెట్ గీరుపడదు కదా. "రి"తో యతి కుదిరేందుకు రి, రీ, రె, రే అక్షరాలలో ఏదైనా తీసుకొని మళ్లీ చూడండి. విప్పిననాడు మీరు నాకు వేలితో తాకించి చూపినది ఏమిటో గుర్తు తెచ్చుకోండి.

షెడ్డు మెకానిక్కు:

నిజమే అయ్యవారూ. ఆ రోజు గ్యాస్కెట్ బాగానే ఉండింది. మూడో లైనరు, నాలుగో లైనరు గోడలకు నిలువునా గీతలు పడి ఉంటే, గోరు పెట్టి కిందికి లాగి చూడమన్నాను, మీ గోరు గీతలో తట్టుకుంది. పద్యానికి బరువుగా ఉంటుందని గ్యాస్కెట్ అన్న మాట వేశాను, అది పొరపాటు. మార్చి వ్రాశాను.

రింగులరిగిపోయె రెండు లైనర్లును
గీరుపడియె నూనె గీసివేయ
లేక నీలిపొగలు లేచె మార్చితిమయ్య
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

ఇప్పుడు పద్యం పూర్తయింది. "రిం"కు "రెం" యతి చక్కగా కుదిరింది, "గీరుపడియె"కు కర్త దొరికింది, జరిగినది జరిగినట్టుగా పద్యంలోకి వచ్చింది. యతి కోసం వెతికిన మాటే నిజమైన మాట కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఈ పద్యంలో ఒక్క అలంకారమూ లేదు, అవసరమూ లేదు.

విద్యార్థి, తిరుపతి:

గురువుగారికి నమస్సులు.

రవ్వ లేక నిలిచె రథము దారిని పాత
ప్లగ్గు మార్చి మఱియుఁ బంపు మార్చి
క్రొత్త హృదయమిడినఁ గుఱ్ఱమట్టుల నేఁడు
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

నాయనా, నీ పద్యంలో వేలు పెట్టి చూపడానికి ఛందోదోషం లేదు. "రథము", "గుఱ్ఱము" జంటగా రావడం కూడా ముచ్చటగా ఉంది. అయినా ఈ పూరణను నేను అంగీకరించలేను, ఎందుకంటే డీజిల్ ఇంజనుకు రవ్వ చిమ్మే ప్లగ్గు ఉండదు. అది పెట్రోలు బండి సంగతి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్ను విజయవంతంగా నడిపి చూపినప్పటి నుంచి దాని కీలకం ఒక్కటే. గాలిని సుమారు 18వ వంతుకు నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ సన్నని తుంపరగా డీజిల్ చల్లితే తనంతట తానే మండుతుంది. నీవు వ్రాసిన బండి రవ్వ లేక ఆగదు, నొక్కు తగ్గి ఆగుతుంది.

విద్యార్థి:

గురువుగారూ, మా మామయ్య పాత జీపుకు చలికాలంలో ప్లగ్గు వేడెక్కేదాకా ఆగి స్టార్టు చేసేవారు. అది ప్లగ్గు కాదా అండీ?

నిర్వాహకుడు:

మంచి ప్రశ్న అడిగావు. అది హీటరు ప్లగ్గు. పక్కన చిన్న గది ఉండి అందులో మంట మొదలయ్యే పాత తరహా ఇంజన్లలో, ఇనుము చల్లగా ఉన్నప్పుడు నొక్కిన గాలి వేడిని గోడలే లాగేసుకుంటాయి. ఆ లోటు తీర్చడానికి కాసేపు ఎర్రగా కాలుతుందే తప్ప అది రవ్వ వేయదు. ఇంజన్ వేడెక్కాక దానితో పనే లేదు. నీ మొదటి రెండు మాటలు పారవేయవద్దు. "రవ్వ లేక" అన్నదానినే తిరగవేసి చూడు, అందులో పద్యం దాగి ఉంది.

విద్యార్థి:

రవ్వ లేకె వెలుగు దివ్వెరా డీజిలు
గాలి నొక్కనొక్కఁ గనలి మండు
నొక్కు తగ్గినంత నూతన మిడఁ బాత
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

ఇది కవిత్వం. రవ్వ, దివ్వె ప్రాసయతి. రవ్వ లేకుండా వెలిగే దివ్వె అన్న ఊహ కేవలం ఊహ కాదు, ఆ యంత్రం పనిచేసే విధానం అదే. "నొక్కనొక్క" అన్న ద్విరుక్తిలో పిస్టను మళ్లీ మళ్లీ పైకి రావడం వినబడుతుంది. మూడవ పాదంలో "నూతన మిడి" అని ఉంటే పాతది తీయకముందే కొత్తది పెట్టినట్టయ్యేది. "ఇడన్" అని తుమున్నర్థంలో వాడి, పాతదానిని తీయడం కొత్తదానిని పెట్టడానికేనని సరిగ్గా చెప్పావు. ఆ ఒక్క ద్రుతం, "ఇడన్" చివరి నకారం, ఎంత పని చేసిందో గమనించు.

సోదరి, చంద్రగిరి:

అన్నగారికి నమస్కారం. మా ఇంటాయనకు రెండు పికప్పులు ఉన్నాయి, వాటి మరమ్మతులు ఇంటి ముందరే జరుగుతాయి. నేను చూసినది వ్రాశాను.

ఇంజ నెత్తు వేళ నెటును జాఱకయుండఁ
జక్రమునకు వెన్క సాయమైన
పని ముగిసిన పిదపఁ బైకెత్తి యా పెను
గుండె తీసివేయ బండి నడిచె

నిర్వాహకుడు:

అమ్మా, ఈ పూరణ చదివి నేను లేచి నిలబడ్డాను. మేమందరం గుండె అంటే హృదయమనే పట్టుకొని కూర్చున్నాము. మీరు మూడవ పాదం చివర "పెను" చేర్చి, పెను గుండు అన్నదానికి అవధారణార్థకమైన "ఎ" తగిలించి, హృదయాన్ని బండరాయిగా మార్చివేశారు. అవధానాలలో పృచ్ఛకులు ఆశించే విరుపు ఇదే. విషయమూ పక్కా. బండిని గేరులో వేసి నిలిపితే కదలకుండా పట్టుకొనేది ఇంజన్ నొక్కే. ఇంజన్ తీసేశాక గేరు వేసి ఉన్నా చక్రాలను పట్టేది ఏమీ ఉండదు. హ్యాండ్ బ్రేకు కేబులు సాగిపోయిన పాత బండి అయితే, నేల ఏ కాస్త వాలుగా ఉన్నా జారిపోతుంది, కింద పడుకొని పనిచేసేవాడికి ప్రాణాపాయం. కాబట్టి ఆ రాయి అలంకారం కాదు. చిన్న సూచన ఒకటి ఉంది. అన్వయంలో "సాయమైన" అన్నది "గుండు"ను చేరడానికి మూడవ పాదమంతా దాటవలసి వస్తున్నది. దూరాన్వయమే గాని దోషంగా లెక్కించను.

షెడ్డు మెకానిక్కు:

అక్కా, రాయి ఒకవైపే పెట్టకండి, ముందూ వెనుకా రెండు వైపులా పెట్టండి. ఇంజన్ పైకి లేచేటప్పుడు బండి ముందు భాగం బరువు తగ్గి పైకి లేస్తుంది, అప్పుడు ముందుకు కూడా జరగవచ్చు.

నిర్వాహకుడు:

చివరగా నా పూరణ కూడా మీ ముందు పెడుతున్నాను. దీనినీ నిర్మొహమాటంగా పరీక్షించండి.

చాసి నంబరొకటె సర్వమ్ము మాఱిన
నాయనంటినట్టి నలుపు మిగులు
గేరుకఱ్ఱ యిపుడు కేల నందుకొనంగ
గుండె తీసివేయ బండి నడిచె

పలమనేరు సభ్యులు:

అయ్యా, రెండవ పాదం మనసును పట్టుకుంది. మన చిత్తూరు సీమలో "నాన్న" అనడం కంటే "నాయన" అనడమే సొంత మాట. గేరు పిడి మీద ఏళ్ల తరబడి గ్రీజు చేతితో పట్టిన నలుపు ఎలా ఉంటుందో చూసినవారికి ఆ పాదం చాలు. అయితే "సర్వమ్ము మాఱిన" అన్నది అతిశయోక్తి. మీరు మార్చినది ఇంజన్ ఒక్కటే, గేరుబాక్సు, హౌసింగు, బాడీ పాతవే. ఇంకొక మాట. "చాసి నంబరొకటె" అని పద్యంలో చెప్పారు సరే, ఇంజన్ నంబరు మారింది కదా. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మార్పుల గురించి చెబుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త నంబరు ఎక్కించుకున్నారా?

నిర్వాహకుడు:

"సర్వమ్ము" అన్న మాట మీద మీ ఆక్షేపణ న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. మూడు గురులఘువుల వసతి కోసం నిజాన్ని సాగదీశాను, విద్యార్థిని మందలించిన నేనే ఆ పని చేయకూడదు. "చాసి నంబరొకటె జన్మమ్ము వేఱైన" అని మారుస్తున్నాను. చకారానికి జకారం యతి చెల్లుతుంది, బండికి రెండవ జన్మ అన్న మాటలో అబద్ధమూ లేదు. పత్రాల విషయంలో, ఇంజన్ కొన్న రశీదు, పాత యజమాని ఇచ్చిన కాగితం జతపరచి దరఖాస్తు పెట్టాను, బండిని తనిఖీకి చూపించాను, కొత్త నంబరు నమోదైంది. పాత బండ్లకు ఇంజన్ మార్పించేవారు రశీదు లేని ఇంజన్ను ఎంత చౌకగా వచ్చినా కొనవద్దని నా మనవి.

షెడ్డు మెకానిక్కు:

అయ్యవారూ, పద్యాల సందడిలో ఒక పని మరచినట్టున్నారు. కొత్త రింగులు లైనరులో కుదురుకొనేటప్పుడు రాలే సన్నని ఇనుప పొడి అంతా మొదటి నూనెలోనే ఉంటుంది. బండి 600 కిలోమీటర్లు దాటి ఉంటుంది. నూనె, ఫిల్టరు మార్చాలి, హెడ్డు బోల్టులు మరొకసారి చూడాలి. అంతవరకు ఘాటులో బరువు వేసి తొక్కవద్దు.

నిర్వాహకుడు:

మరచిన మాట నిజమే అన్నా. మీటరు చూశాను, 640 అయింది. శుక్రవారం ఉదయం బండి తీసుకొని షెడ్డుకు వస్తాను. వచ్చే వారం సమస్యకు పాదం మీరే ఇవ్వాలి, వ్రాసి ఉంచండి.