ఎండాకాలం టమోటా: షేడ్ నెట్ తప్పదా, తేదీ మార్చుకుంటే చాలదా?

కళ్యాణదుర్గం: ఏప్రిల్‌లో ఎండ 40 దాటినాక పూత బాగానే కనిపిస్తుంది, పిందె మాత్రం నిలవదు. ఎర్ర నేల, బోరు నీళ్లు. నెట్‌కు పెట్టుబడి పెట్టొచ్చా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

పత్తికొండ: పెట్టాల్సిందే అన్నా. ఎండ సూటిగా తగిలిన కాయకు భుజం మీద తెల్లమచ్చ పడుతుంది, నాలుగు రోజులకు అది కాగితంలా ముడుచుకుంటుంది. అట్లాంటి కాయను మండీలో ఎవరూ ఎత్తరు. 35 శాతం ఎండను ఆపే నెట్ చాలు. 50 వేస్తే మొక్క సన్నగా సాగి పూతే తగ్గుతుంది. 7 అడుగుల కన్నా కిందికి కట్టొద్దు, పక్కలు మూయొద్దు. గాలికి పువ్వు ఊగితేనే పుప్పొడి రాలేది.

పులివెందుల: కాయ మచ్చకు నెట్ మందే, ఒప్పుకుంటా. అడిగింది పిందె గురించి కదా! పగలు 35 దాటి, రాత్రి కూడా 24కు దిగకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. రాత్రి వేడిని నెట్ ఏం చేస్తుంది? జనవరి నడిమికి నాటితే ఫిబ్రవరి నడిమికల్లా పూత మొదలై, మార్చి లోపలే చాలా గుత్తులు కట్టేస్తాయి. పూత నిలవాలని హార్మోన్ మందు కొడతారు గానీ, దాంతో నిలిచిన కాయ చాలాసార్లు లోపల గుల్లగా, తూకం లేకుండా ఉంటుంది.

పత్తికొండ: అందరూ జనవరిలోనే నాటితే కాయంతా ఒక్కసారే మండీకి వస్తుందప్పా, ధర ఏం నిలుస్తుంది? మే నెలలో కాయ కావాలనుకునేవాళ్లకు నీడ తప్పదు.

పులివెందుల: అట్లయితే నెట్ కన్నా ముందు ఆకు కాపాడుకోండి. ఎండాకాలంలో ఆకులు తుంచడమే పెద్ద తప్పు, కాయకు గొడుగు ఆకే. ఆకుముడత తట్టుకునే అర్క రక్షక్ లాంటి రకం ఎంచుకోండి, దాన్ని మోసే తెల్లదోమ ఈ కాలంలో విపరీతం.

ఆదోని: ఇద్దరూ మల్చింగ్ (మొక్కల చుట్టూ నేల మీద ప్లాస్టిక్ షీటు పరచడం) మాటే ఎత్తలేదు. షీటు వెండి రంగు పైకి ఉండాలి. నలుపు పైకేస్తే కాగిపోయి, రంధ్రం అంచు తగిలిన చోట కాండం ఉడికిపోతుంది, మొక్క అక్కడికే విరుగుతుంది. రంధ్రం 3 అంగుళాలు కోసి, మొదలు చుట్టూ పిడికెడు మట్టి వేయండి. డ్రిప్ పైపు షీటు కిందే పోవాలి. పైన పరిస్తే మధ్యాహ్నం మొదట వచ్చేవి వేడినీళ్లే. తడి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కొంచెం కొంచెంగా. రెండ్రోజులు ఎండగట్టి ఒకేసారి పారిస్తే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అప్పుడు లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కొట్టినా, తడి సరిచేయకపోతే వచ్చే గుత్తికీ అదే తెగులు.

కళ్యాణదుర్గం: అయితే ఈసారి జనవరి నాటు, వెండి షీటు. నెట్ ఆఖరు గుత్తులకు మాత్రం, పడమటి సాళ్ల మీద వేసి చూస్తానన్నా.