86 గోదావరి వరదలో ఏటిగట్టు మీదున్న వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు ఎవరికైనా గుర్తున్నారా?

గట్టుపిల్ల:
అందరికీ నమస్కారమండి. మా నాన్నగారు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, పోయిన నెల కాలం చేశారు. పెద్దకర్మ రోజున ముగ్గురు ముసలాళ్ళు ఆటోలో వచ్చారు, మాలో ఎవరికీ తెలీదు వాళ్ళు. ఫొటోకి దండం పెట్టి "86లో ఈయన లేకపోతే మా దగ్గర గట్టు తెగేదమ్మా" అన్నారు, భోజనం చేసి వెళ్ళిపోయారు. మాకేమో ఆయన ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆగస్టు వచ్చిందంటే మాత్రం ఫోన్ ఎత్తగానే "ధవళేశ్వరంలో ఎంతుంది?" అనేవారు, నేను హైదరాబాద్‌లో ఉంటే నాకేం తెలుస్తుంది! కోనసీమ వాళ్ళెవరికైనా గుర్తుంటే చెప్పండి ప్లీజ్.

లంకగాలి:
మీ నాన్నగారో కాదో తెలీదు కానీ మా దగ్గరా ఒకాయన ఉండేవారమ్మా. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇప్పుడు 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తున్నారు కదా, ఇక ఊహించుకోండి. నాకప్పుడు పదహారేళ్ళు, బస్తాలు మోశాను. గట్టుకి ఇవతల చేలో నీళ్ళు బుగ్గలా ఊరుతుంటే మేం మట్టి పోసి నొక్కేద్దామని పరిగెడితే ఆయన తిట్టారు, నొక్కితే పక్కన ఇంకోచోట లేస్తుందిరా అని. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్పించి లోపల నీళ్ళు ఎత్తు పెరగనిచ్చారు, అప్పుడు తోపుడు తగ్గింది. పెట్రోమాక్స్ లైట్ పట్టుకుని "తేటగా వస్తోందా, మట్టి రంగొచ్చిందా?" అని ఊరికే అడిగేవారు, మట్టి కలిసి వస్తోందంటే గట్టు లోపల కోసుకుపోతోందన్నమాట. నేను ఇప్పటికీ గట్టెక్కితే ముందు అదే చూస్తా.

పాతఏఈ:
డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఎస్టిమేట్ మీద సంతకం పైవాళ్ళది, రాత్రంతా గట్టు మీద వర్క్ ఇన్‌స్పెక్టరూ కాపలా కాసే లస్కరూ. మొదట్నుంచీ ఇంతే. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అనగానే కాటన్ దొర అంటాం, ఊరూరా విగ్రహాలు కూడా ఉన్నాయి, ఉండాల్సిందే. కానీ ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న గారి పేరు ఎంతమందికి తెలుసు? రాయ్ బహదూర్ బిరుదిచ్చారు, కాటనే మెచ్చుకున్నాడు, మనవాళ్ళే మర్చిపోయారు.

కొబ్బరాకు:
ఒక్కరి వల్లే ఆగింది అనకండి బాబూ, ఊరంతా మోసింది, ఆడవాళ్ళు కూడా.

లంకగాలి:
మోశాం, కాదనలేదు. ఎక్కడ వెయ్యాలో చెప్పినాయన ఒక్కడే కదండీ.

గట్టుపిల్ల:
చదువుతుంటే ఏడుపొచ్చేసిందండి. నాన్నకి ఇంట్లో బోరు నీళ్ళు పట్టినా గ్లాసు వెలుతురుకి పెట్టి చూసే అలవాటు, మేం నవ్వేవాళ్ళం. లంకగాలి బాబాయ్‌గారూ, మీ ఊరి పేరు మెసేజ్ పెట్టండి, ఆదివారం అమ్మని తీసుకుని వస్తాం.