పాస్‌పోర్ట్ ఫొటో చూసి నాన్నగారి చార్‌కోల్ బొమ్మ: పోలిక రావట్లేదు

గీతలపెట్టె:
నాన్నగారి సంవత్సరీకానికి ఏ3 కాగితం మీద చార్‌కోల్‌తో ఆయన బొమ్మ వేస్తున్నాను. ఉన్నది 35×45 మి.మీ. పాస్‌పోర్ట్ ఫొటో ఒక్కటే, అదీ గరుకు కాగితం మీది ప్రింటు. స్కాన్ చేస్తే ముఖమంతా తెల్లచుక్కలు. పోలికా కుదరట్లేదు. కళ్లద్దాలు, నెరిసిన జుట్టు ఎలా వేయాలో కూడా చెప్పండి.

నల్లబొగ్గు:
స్కానర్ లైటు ఆ గరుకు మీద ఒకవైపు నుంచే పడుతుంది, చుక్కలు అందుకే. 1200 డీపీఐలో ఒకసారి, ఫొటోను తలకిందులు చేసి మరోసారి స్కాన్ చేయండి. రెండోదాన్ని కంప్యూటర్లో నిటారుగా తిప్పి, మొదటిదాని మీద 50 శాతం పారదర్శకంగా పెడితే చాలావరకు తగ్గుతాయి. ముఖం నునుపు చేసే యాప్‌ల జోలికి వెళ్లొద్దు. కంటి కింది ముడతలు పోతే మిగిలేది వేరేవాళ్ల ముఖం.

8 రెట్లు పెంచినా ఏ3లో పడుతుంది గానీ తల అసలు తలకంటే పెద్దదైపోతుంది. 6 రెట్లు చాలు: 210×270 మి.మీ. స్కాన్ మీద 5 మి.మీ. గడులు, అడ్డం 7, నిలువు 9. కాగితం మీద అవే 30 మి.మీ. గడులు. కళ్లు, ముక్కు, నోరు పడే గడుల్ని మళ్లీ నాలుగేసి చేయండి, పోలిక తప్పేది అక్కడే. ఇంకోటి, కళ్లు ఉండేది తల ఎత్తులో సుమారు సగం దగ్గర. చాలామంది పైకి జరిపేస్తారు.

మసిగుడ్డ:
గడులు పెన్సిల్‌తో నొక్కి గీస్తే గ్రాఫైట్ జిడ్డు మీద చార్‌కోల్ పట్టదు. సన్న బొగ్గుపుల్లతో తేలిగ్గా గీయండి.

జుట్టుకి తెల్ల పెన్సిల్ వద్దు. ముందు బూడిదరంగు పూసి, నీడెడ్ ఎరేజర్‌ని (పిండిముద్దలా మెత్తగా నలిగే రబ్బరు) అంచులా నొక్కి పాయలు లాగండి. అద్దాలు మైనస్ పవర్‌వైతే చెంప అంచు అద్దంలో లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది, ప్లస్ అయితే బయటికి. ఆ విరుపు ఉన్నదున్నట్టు వేయాలి, సరిచేశారో చూపు పోయినట్టే.

గీతలపెట్టె:
థాంక్సండీ. ఫ్రేమ్ సంగతి?

నల్లబొగ్గు:
ఫిక్సేటివ్ (బొగ్గుపొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) 30 సెం.మీ. దూరం నుంచి రెండు మూడు పలచటి పూతలు, మధ్యలో ఆరనివ్వండి. ఒకేసారి దట్టంగా కొడితే మరకలే. ఆక్రిలిక్ షీటు వద్దు, దాని స్థిరవిద్యుత్తు బొగ్గుపొడిని లాగుతుంది. గాజే వేయించండి, బొమ్మకి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ అంచులా పెట్టే మందపాటి అట్ట) ఉండాలి. పూలదండ తడి ఆరాకే వేయండి. బొట్టు తుడవడానికి అద్దం మీద నీళ్లు చల్లితే అడుగు నుంచి దిగి కాగితం ఉబ్బుతుంది, పిండిన గుడ్డతో తుడిస్తే చాలు.