షేక్ జర్రా ఇళ్ల కేసుల్లో ‘రక్షిత కౌలుదారు’ అనొచ్చా?

ప్రశ్న: తూర్పు జెరూసలెంలోని షేక్ జర్రా ఇళ్ల కేసుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘ప్రొటెక్టెడ్ టెనెంట్’ పదే పదే వస్తోంది. ‘రక్షిత కౌలుదారు’ అంటే సరిపోతుందా?

– కౌలు పొలానికండీ, ఇంటికి అద్దె. తెలంగాణలో కిరాయి. ‘రక్షిత అద్దెదారు’ అనేయండి, గొడవ వదిలిపోతుంది.

– గొడవ అంత తేలిగ్గా వదలదేమో! మా తెలంగాణలో ‘రక్షిత కౌలుదారు’ అనగానే 1950 నాటి కౌలుదారీ చట్టం, 38ఇ సర్టిఫికెట్ గుర్తొస్తాయి. అంటే దున్నేవాడు ఎప్పటికైనా భూమికి హక్కుదారు కావచ్చు. షేక్ జర్రాలో ఇది తలకిందులు. 1956లో, అప్పట్లో ఆ ప్రాంతాన్ని పాలిస్తున్న జోర్డాన్ ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కలిసి 28 పాలస్తీనా కుటుంబాలకు అక్కడ ఇళ్లిచ్చాయి. మూడేళ్లకు వాళ్ల పేర రాస్తామన్నారు, రాయలేదు. 1967 యుద్ధంలో ఆ ప్రాంతం ఇజ్రాయెల్ చేతికొచ్చింది. 1948కి ముందు యూదులవైన ఆస్తులను వెనక్కి అడిగే వీలు 1970 చట్టం కల్పించింది. పశ్చిమ జెరూసలెంలో ఇళ్లు పోగొట్టుకున్న పాలస్తీనియన్లకు మాత్రం అలాంటి వీలు లేదు, 1950 నాటి గైర్హాజరీల ఆస్తి చట్టం (యుద్ధంలో ఇల్లు వదిలి వెళ్లినవాళ్ల ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించేది) అడ్డం. స్థలం తమదంటూ యూదు సంస్థలు వేసిన కేసులో 1982లో రాజీ కుదిరింది: స్థలం ఆ సంస్థలది, ఈ కుటుంబాలు రక్షిత అద్దెదారులు, అద్దె కడితే ఉండొచ్చు. మమ్మల్ని అడక్కుండానే లాయరు ఒప్పుకున్నాడని కుటుంబాలు అంటాయి. అద్దె కట్టలేదంటూ 2008, 2009లలో కొందరిని ఖాళీ చేయించారు కూడా. అంటే అక్కడ ఆ మాట ఒప్పుకుంటే ఇల్లు వేరొకరిదని ఒప్పుకున్నట్టే. 2021లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఏటా కొద్దిపాటి అద్దె కట్టి రక్షిత అద్దెదారులుగా ఉండమని సూచిస్తే, నవంబరులో కుటుంబాలు కాదన్నది అందుకే.

ప్రశ్న అడిగినవారు: మరి ‘అద్దెదారు’ అన్నా ఒక పక్షం వాదన ఒప్పుకున్నట్టేనా?

– కోర్టు మాట చెప్పేచోట ‘రక్షిత అద్దెదారు’ ఉంచండి. మీ సొంత వాక్యాల్లో ‘అక్కడ ఉంటున్న కుటుంబాలు’ అనండి. నాలుగు కుటుంబాల విషయంలో 2022 మార్చిలో సుప్రీంకోర్టే యాజమాన్యం తేలేదాకా ఖాళీ చేయించొద్దంది కదా.

– ఇంకోటి చూసుకోండి. 2021 మేలో ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ దీన్ని ప్రైవేటు వ్యక్తుల మధ్య రియల్ ఎస్టేట్ తగాదా అంది. అది వ్యాసంలో వస్తే ‘అని ఆ శాఖ అంది’ తప్పకుండా చేర్చండి. ‘ఆస్తి తగాదా’ అని విడిగా రాస్తే అన్నదమ్ముల వాటాల గొడవ అనుకుంటారు మనవాళ్లు.