సముదాయంలోని మీటర్లన్నీ బీఎంఎస్‌కు కలపాలా, వద్దా?

తూర్పుబ్లాకు | శుక్రవారం రాత్రి 9:10
మాది హైదరాబాద్ పడమటి వైపు 212 ఫ్లాట్ల సముదాయం. మూడు బ్లాకులు, ఒకటే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, రెండు జనరేటర్లు. ప్రతి ఫ్లాటుకూ డ్యూయల్ సోర్స్ సబ్‌మీటరు ఉంది. లైను కరెంటు ఒక లెక్క, జనరేటర్ కరెంటు వేరే లెక్క. బీఎంఎస్, అంటే భవనంలోని యంత్రాలను ఒక తెర మీద చూపించే కంప్యూటర్ వ్యవస్థ, కూడా ఉంది గానీ దానికి తెలిసినవి పంపులు, సెల్లారు ఫ్యాన్లు, ట్యాంకుల మట్టం, అంతే. ఇప్పుడు కాంట్రాక్టర్ వచ్చి హెచ్‌టీ మీటరు మొదలుకొని ఫ్లాట్ల సబ్‌మీటర్లు, నీటి మీటర్ల దాకా అన్నీ దానికే కలిపేద్దాం, రీడింగులు కాగితం మీద రాసుకునే బాధ తప్పుతుంది అంటున్నాడు. కమిటీలో సగం మంది సరే అన్నారు, సగం మంది దండగ అన్నారు. నేను కోశాధికారిని. పోయిన నెల హెచ్‌టీ బిల్లులో 61,400 యూనిట్లు, సబ్‌మీటర్లు, కామన్ ప్యానెళ్లు అన్నీ కూడితే 58,900. మీ అనుభవం చెప్పండి.

మెలికతీగ | శుక్రవారం రాత్రి 10:02
కలపండి. పదిహేడేళ్లుగా ఇదే నా పని. అయితే ఎలా కలపాలన్నది కాంట్రాక్టర్‌కే వదిలేస్తే తరువాత ఏడుస్తారు.

ప్యానెల్ మీటర్ల వెనక రీడింగులు బయటికి పంపే తీగ కోసం ఆర్‌ఎస్-485 కొనలు రెండు ఉంటాయి. తీగ ఒక మీటరు నుంచి పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి దండ గుచ్చినట్టు పోవాలి. కొమ్మల్లా చీలిందా, రీడింగులు పగలు వస్తాయి, రాత్రి రావు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఈ దండనే లూపు అంటాం, దాని రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్ ఉండాలి. లూపుకు 32 పరికరాలన్నది పాత లెక్క, నేను 30 దాటనివ్వను. మీ ఫ్లాట్లకే ఎనిమిది లూపులు కావాలి.

ఇక మోడ్‌బస్, ఆ తీగ మీద మీటర్లు మాట్లాడే భాష. 1979 నాటిది, ఇంకా చావలేదు. అందులో అంకెలు దాచే ఒక్కో గడి, అంటే రిజిస్టరు, 16 బిట్లే కనుక పెద్ద యూనిట్ల సంఖ్యను రెండు రిజిస్టర్లలో చెరిసగం పెడతారు. ఏ సగం ముందు రావాలన్నది మీటరు చేసినవాడి ఇష్టం. ఒక ఆసుపత్రిలో మేమే తలకిందులుగా చదివి, లిఫ్టు ప్యానెల్ ఒక్క రాత్రిలో కోట్ల యూనిట్లు మింగిందని తెర మీద చూపించాం. మీటరు పుస్తకంలో 40001 అని ఉన్నదాన్ని తీగ మీద సున్నా అని అడగాలి. ఈ ఒక్క అంకె తేడాతో వోల్టేజీ ఉండాల్సిన చోట మరేదో చూస్తూ నెలలు గడిపిన భవనాలున్నాయి. రిజిస్టర్ల పట్టిక చేతికి రానిదే అడ్వాన్సు ఇవ్వవద్దు.

పాతమీటరు | శనివారం ఉదయం 5:48
విద్యుత్ శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. హెచ్‌టీ మీటరు జోలికి వెళ్లకండి. అది మీది కాదు, పంపిణీ సంస్థ సీలు వేసిన పెట్టె. 2003 విద్యుత్ చట్టంలో 138వ సెక్షన్ చదువుకోండి. అనుమతి లేకుండా లైసెన్సుదారు మీటరును కలిపినా, విడదీసినా, చెడగొట్టినా మూడేళ్ల దాకా జైలు.

ఇక అసలు సంగతి. 61,400 లోంచి 58,900 పోతే 2,500. ఆ యూనిట్లు ఏమయ్యాయి? దీనికి జవాబు లేకుండా తీగలు, లూపులు, తెరలు దేనికి?

బోరుబావి | శనివారం ఉదయం 7:15
మా విశాఖలో వాచ్‌మన్ నెలకోసారి ఫోనుతో ఫొటోలు తీస్తాడు, నేను ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. మూడు గంటల పని.

మెలికతీగ | శనివారం ఉదయం 8:30
పాతమీటరు గారూ, సీలు తెంచమని నేనెక్కడ అన్నాను? పంపిణీ సంస్థ మీటరు మాట్లాడేది డీఎల్ఎంఎస్ భాష, మనకు ఐఎస్ 15959 ప్రమాణం. దాన్ని చదవాలంటే వాళ్ల అనుమతి, వాళ్ల పాస్‌వర్డు కావాలి. అందుకే మీ వైపు, మీ సొంత సీటీలతో (తీగలో కరెంటును కొలిచి మీటరుకు అందించే చుట్టలు) చెక్ మీటరు, అంటే సరిచూసుకునే మీటరు, పెట్టుకోవాలి.

2,500 గురించి. మీటరింగు హెచ్‌టీ వైపు ఉంది కనుక ట్రాన్స్‌ఫార్మర్ నష్టం కూడా మీ బిల్లులోనే పడుతుంది. ఎవరూ బల్బు వేయకపోయినా దాని ఇనుప నష్టం 24 గంటలూ నడుస్తూనే ఉంటుంది. గంటకు ఒక్క యూనిట్ అనుకున్నా నెలకు 720. పైన మీటర్ల క్లాసు తేడా (కొలతలో అనుమతించిన పొరపాటు), దాని మీద సీటీల క్లాసు తేడా. 4 శాతం తేడా వింత కాదు.

పాతమీటరు | శనివారం ఉదయం 9:05
ట్రాన్స్‌ఫార్మర్ నష్టం నాకు తెలియనిది కాదు. 720 అన్నారు. మిగతా 1,780?

కాలువగట్టు | శనివారం మధ్యాహ్నం 1:20
నెదర్లాండ్స్ నుంచి. ఇక్కడి స్మార్ట్ మీటరుకు పీ1 అని ఇంటివాళ్ల కోసమే ఒక సాకెట్టు ఉంటుంది. సీలు ముట్టుకోకుండా తీగ గుచ్చితే చాలు, కొత్త మీటర్లయితే క్షణానికోసారి రీడింగు ఇస్తాయి. అందులోంచి చదవగలం గానీ మీటరులోకి ఏమీ రాయలేం. చెక్ మీటరు ఖర్చే లేదు. మన దగ్గరా కోట్ల స్మార్ట్ మీటర్లు పెడుతున్నప్పుడు అలాంటి సాకెట్టు ఒకటి అడగవలసింది.

గేట్‌వే22 | శనివారం మధ్యాహ్నం 1:44
భవనాన్ని నెట్టుకు కలిపితే దొంగలకు తలుపు తీసినట్టే. అమెరికాలో టార్గెట్ దుకాణాల్లో 2013లో ఏసీ యంత్రాల్లోంచే దూరి కార్డుల వివరాలు ఎత్తుకుపోయారు.

మెలికతీగ | శనివారం మధ్యాహ్నం 2:10
ఏసీ యంత్రాల్లోంచి కాదు. ఏసీ పనులు చేసే కాంట్రాక్టర్ పాస్‌వర్డు పోయింది. బిల్లులు పెట్టుకోవడానికి ఇచ్చిన ఆ లాగిన్‌తో దూరారు. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు బీపీ పెరుగుతుంది. అలాగని మీరు పూర్తిగా తప్పని కూడా అనను. మోడ్‌బస్‌కు పాస్‌వర్డు అనే ఊహే లేదు, అదే తీగ మీద ఉన్నవాడు ఎవడైనా చదవగలడు, రాయగలడు. భవన యంత్రాలు మాట్లాడే మరో భాష బాక్‌నెట్‌కూ చాలా కాలం అదే గతి, గట్టి రహస్య మార్గం 2020 సంచికకు గానీ ప్రమాణంలో చేరలేదు. కాబట్టి మీటర్ల నెట్‌వర్క్ విడిగా ఉంచండి, ఫ్లాట్ల వైఫైతో కలపవద్దు.

తూర్పుబ్లాకు | శనివారం సాయంత్రం 6:35
అందరికీ ధన్యవాదాలు. కాంట్రాక్టర్ ఇంకోటి చెప్పాడు. నెలకోసారి కాదు, ప్రతి ఫ్లాటు వాడకం పావుగంటకోసారి తెర మీద కనిపిస్తుందట. జనరేటర్ నడుస్తున్నప్పుడు ఎవరు రెండేసి ఏసీలు వేస్తున్నారో తేలిపోతుంది. నాకు నచ్చింది ఇదే.

నాలుగోఅంతస్తు | శనివారం రాత్రి 8:50
నచ్చుతుంది, ఎందుకు నచ్చదు! మా సముదాయంలో రెండేళ్ల కిందట ఇదే పెట్టారు. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు గోడ మీద మా ఫ్లాటు గ్రాఫు వేసి, “రాత్రి రెండింటికి మీ ఇంట్లో ఏసీ ఎందుకమ్మా?” అని అందరి ముందూ అడిగాడు. నాది రాత్రి పాళీ ఉద్యోగం. మా అమ్మకు ఆయాసం, రాత్రంతా మనిషి మేలుకొని ఉండాలి. ఇదంతా నూట యాభై మందికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మేము ఎప్పుడు నిద్రపోతామో, ఎప్పుడు ఊరెళ్తామో సెక్యూరిటీ గదిలో కూర్చున్నవాడికి ఆ తెర మీద తెలుస్తుంది. మీరు చూస్తున్నది కరెంటు అనుకుంటున్నారు. మీరు చూస్తున్నది మా ఇల్లు.

తూర్పుబ్లాకు | శనివారం రాత్రి 9:20
జరిగింది తప్పే. కానీ సక్రమంగా వాడుకునేవాళ్లకు దాచుకోవలసింది ఏముంటుంది?

నాలుగోఅంతస్తు | శనివారం రాత్రి 9:24
అయితే మీ ఇంటి గ్రాఫు రేపు ఇక్కడ పెట్టండి.

కాలువగట్టు | శనివారం రాత్రి 9:41
ఆమె మాటలో న్యాయం ఉంది. ఇక్కడ అందరికీ స్మార్ట్ మీటరు తప్పనిసరి చేయబోతే 2009లో ఎగువసభ ఒప్పుకోలేదు, కారణం సరిగ్గా ఇదే. తరువాత వద్దనే హక్కుతో సవరించి తెచ్చారు. అమెరికాలో నేపర్‌విల్ కేసులో 2018లో అప్పీలు కోర్టు, పావుగంట రీడింగులు తీయడమంటే ఇంటిని సోదా చేయడమే అంది. ఆ ఊరి ప్రయోజనాల దృష్ట్యా ఆ సోదా సమంజసమే అని కూడా అంది.

మెలికతీగ | శనివారం రాత్రి 10:15
సాంకేతికంగా దీనికి దారి ఉంది. ఫ్లాట్ల మీటర్ల నుంచి నెలాఖరు రీడింగు మాత్రమే తీసుకునేలా గేట్‌వేలో (మీటర్లకూ బీఎంఎస్‌కూ మధ్య ఉండే పెట్టె) పెట్టవచ్చు. పావుగంట లెక్క పంపులకు, లిఫ్టులకు, జనరేటర్లకు ఉంటే చాలు. భవనం అధిక డిమాండును, అంటే ఒకే సమయంలో లాగే గరిష్ఠ లోడును, అదుపు చేయడానికి ఫ్లాట్ల లెక్క అక్కరలేదు. ఆ డిమాండు విషయంలోనూ మీ తెర మీది అంకె బిల్లుతో అచ్చంగా కలవదు. మీటరు తన గడియారం ప్రకారం కాలాన్ని ముక్కలు చేస్తుంది, బీఎంఎస్ తన గడియారం ప్రకారం చేస్తుంది.

పాతమీటరు | ఆదివారం ఉదయం 5:30
గడియారాలు సరే. 1,780 సంగతి ఎవరూ మాట్లాడరేమి?

తూర్పుబ్లాకు | ఆదివారం ఉదయం 7:05
మాట్లాడకపోవడానికి కారణం ఉంది, చెప్పేస్తాను. ఆ 2,500 యూనిట్లనూ మేము 212 ఫ్లాట్లకు సమానంగా పంచుతున్నాం. ఫ్లాటుకు దాదాపు 12 యూనిట్లు. 61 ఫ్లాట్లు తాళం వేసి ఉన్నాయి, యజమానులు ఎక్కువ మంది విదేశాల్లోనే. “వాడని కరెంటుకు మేమెందుకు కట్టాలి” అని ఏడు నెలలుగా ఆ పద్దు మినహాయించి డబ్బు పంపుతున్నారు. ఆ బాకీ వసూలు కావడం లేదని కమిటీ ప్రతి నెలా నన్నే నిలదీస్తోంది. అన్నీ తెర మీద కనిపిస్తే ఎవరిది ఎంతో తేలిపోతుంది, నా మీద మాట పోతుంది అనుకున్నాను. జనరేటర్, ఏసీలు అన్నీ ఆ తరువాతే.

పాతమీటరు | ఆదివారం ఉదయం 7:20
నేను శుక్రవారం మీ అంకెలు చూడగానే అనుకున్నాను. మీ పేచీ మీటర్లతో కాదు, వాటాలతో. ట్రాన్స్‌ఫార్మర్ నష్టాన్ని తాళం వేసిన ఫ్లాటు కూడా భరించాలి, ఎందుకంటే దాని కోసం కూడా ట్రాన్స్‌ఫార్మర్ నిలబడి ఉంది. మిగిలినది మాత్రం ఎక్కడో పారుతున్న కరెంటు. దాన్ని సమానంగా పంచడం అన్యాయం. బీఎంఎస్ ఆ అన్యాయాన్ని రంగుల్లో చూపిస్తుంది, అంతే. ముందు ఒక క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తీసుకొని ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ గదికి వెళ్లండి. అక్కడి నుంచి పోయే ప్రతి ఫీడరు లైనులో మూడు ఫేజులూ విడివిడిగా చూడమనండి.

బోరుబావి | ఆదివారం ఉదయం 8:00
నా మూడు గంటలు ఇప్పుడు చవకగా కనిపిస్తున్నాయి.

మెలికతీగ | ఆదివారం ఉదయం 8:12
బోరుబావి గారూ, రీడింగు తప్పుగా తీసే మీటరుకు ఫొటో తీసినా తప్పే వస్తుంది.

తూర్పుబ్లాకు | ఆదివారం సాయంత్రం 5:50
వెళ్లి వచ్చాం. క్లబ్ హౌస్ ప్యానెల్‌లో బి ఫేజు సీటీ తిరగేసి బిగించి ఉంది. ఎప్పటి నుంచో ఎవరికీ తెలియదు. మీటరు పోయిన నెల 640 యూనిట్లు చూపించింది. మూడు ఫేజుల్లో లోడు దాదాపు సమానంగానే ఉంది.

మెలికతీగ | ఆదివారం సాయంత్రం 6:04
ఒక ఫేజు వెనక్కి లెక్కిస్తే మూడింట రెండు వంతులు మాయం. అసలు వాడకం 1,920 దాకా ఉండాలి, అంటే 1,280 యూనిట్లు లెక్కలోకి రాలేదు. చూశారా, ఆ ప్యానెల్ బీఎంఎస్‌లో ఉండి ఉంటే మొదటి రోజే బి ఫేజు కిలోవాట్లు మైనస్‌లో కనిపించేవి!

పాతమీటరు | ఆదివారం సాయంత్రం 6:11
కనిపించేవి, చూసేవాడు ఉంటే. దీన్ని పట్టుకున్నది క్లాంప్ మీటరు. ట్రాన్స్‌ఫార్మర్‌కు 720, క్లబ్బుకు 1,280. ఇంకా 500 ఉన్నాయి.

తూర్పుబ్లాకు | ఆదివారం రాత్రి 9:30
కామన్ ప్యానెళ్లు, జనరేటర్లు, చెక్ మీటరు వరకే కొటేషన్ మార్చి ఇమ్మని కాంట్రాక్టర్‌కు చెప్పాను. ఫ్లాట్ల సంగతి సర్వసభ్య సమావేశంలో పెడతాను. పోయిన ఏడు నెలల వాటాలు తిరిగి లెక్క కట్టాలి, క్లబ్ హౌస్ ఖర్చు ఎవరి మీద వేయాలన్న గొడవ ఇప్పుడు మొదలవుతుంది.

నాలుగోఅంతస్తు | ఆదివారం రాత్రి 9:52
సమావేశంలో పెట్టే ముందు ఒక్కటి రాసి పెట్టుకోండి. ఆ తెర పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది?

పాతమీటరు | సోమవారం ఉదయం 5:41
500.