ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్ ప్రయాణం: రోజంతా వాన పడితే ఎలా?

బందరు కాలువ గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. అమ్మాయి, అల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. అక్టోబరులో నేనూ మావారూ వెళ్తున్నాం. అల్లుడు ముచ్చటపడి నాలుగు రోజులకు నారోబోట్ (అక్కడి కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ) అద్దెకు తీసుకున్నాడు. గ్రేట్ హేవుడ్ అనే ఊరి నుంచి స్టోన్ అనే ఊరి దాకా వెళ్లి రావడం, పడవ మనమే నడుపుకోవడం, పడుకోవడం కూడా అందులోనే. లైసెన్సు అక్కర్లేదట, బయల్దేరే ముందు వాళ్లే నేర్పిస్తారట.

నాకేమో వాన గురించి టెన్షన్‌గా ఉంది. రోజంతా కురిస్తే పడవలో ముడుచుకుని కూర్చోవడమేనా? మావారికి మోకాళ్ల నొప్పులు. పడవ మునిగే ప్రమాదం ఉందా? వంట కుదురుతుందా? పుట్టి పెరిగింది కాలువ పక్కనే అయినా నేను పడవెక్కింది భవానీ ద్వీపానికి వెళ్లినప్పుడు మాత్రమే. మానేద్దామని అల్లుడితో అనడానికి మొహమాటం. వానలో తిరిగినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

దుగ్గిరాల లాకులు:

చెల్లెమ్మా, మానొద్దు. మాది గుంటూరు. 2023 సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా, మా అబ్బాయీ సరిగ్గా ఈ దారిలోనే వెళ్లాం. రెండో రోజు తెల్లారకముందే పట్టిన వాన రాత్రి దాకా వదల్లేదు. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ రోజే.

ముందు మీ భయం సంగతి. కాలువ మధ్యలో లోతు నాలుగడుగులకు అటూ ఇటూ, అంతే. పడవ ఉక్కుది, అడుగు చదునుగా ఉంటుంది. వెడల్పు ఏడడుగుల లోపే, మా పడవ పొడవు మాత్రం అరవై అడుగులు. గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు. గట్టు మీద కుక్కను తిప్పుకునే ముసలాయన మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. మన కృష్ణ కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికి తవ్వినవి, ఆ పారే నీళ్ల మీదే పడవలూ నడిచాయి. మీరు వెళ్లే ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పడవల కోసమే తవ్వింది, నీళ్లు దాదాపు కదలవు. పింగాణీ సామాను చేసే జోసయా వెడ్జ్‌వుడ్ దాని వెనక గట్టిగా నిలబడ్డాడు. గతుకుల బండిదారిలో కప్పులు పగిలిపోతుంటే ఏం చేస్తాడు మరి! 1766లో మొదలుపెట్టి 1777లో పూర్తి చేశారు. దారి గీసిన జేమ్స్ బ్రిండ్లీ అది పూర్తవడం చూడకుండానే 1772లో పోయాడు.

ఇక ఆ రోజు. చుక్కాని పడవ వెనక చివర ఉంటుంది, దాని మీద కప్పు ఉండదు. నడిపేవాడు వానలోనే నిలబడాలి. గొడుగు పనికిరాదు, వంతెనలు బాగా కిందికి ఉంటాయి, ఒక చెయ్యి ఎప్పుడూ చుక్కాని మీదే ఉండాలి. చుక్కాని కుడికి నెడితే పడవ ఎడమకి తిరుగుతుంది. మా అబ్బాయికి అది అలవాటయ్యేసరికి రెండుసార్లు రెల్లులోకి దూరాం. వాన పెద్దదయ్యాక అరగంటకొకరం మారుతూ వచ్చాం. మీరూ అలాగే చెయ్యండి. అల్లుణ్ణి ఒక్కణ్ణే బయట వదిలేసి అందరూ లోపల కూర్చోవద్దు.

శాండన్ అనే చోట లాకు (నీళ్లు నింపి, వదిలి పడవను ఎక్కించే, దించే తలుపుల తొట్టి) దగ్గరికి వచ్చేసరికి జోరున కురుస్తోంది. చెల్లెమ్మా, మా నాన్న దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరు. నా చిన్నప్పుడు బియ్యం బస్తాల పడవ వస్తే, వానైనా సరే, నెత్తిన గోనెసంచి కప్పుకుని వెళ్లేవారు. నీళ్లు వదిలే షట్టరు ఒక్కసారిగా ఎత్తేవారు కాదు. సగం ఎత్తి ఆగి, పడవ కుదురుకున్నాక మిగతా సగం ఎత్తేవారు. ఇక్కడ ఆ పని మనదే. ఎల్ ఆకారంలో ఇనప హ్యాండిల్ ఒకటి ఇస్తారు. దాన్ని తగిలించి తిప్పితే పళ్లచక్రం టకటకమంటూ షట్టరు పైకి లేస్తుంది. తడిచేతిలో హ్యాండిల్ జారుతుంటే నేను సగం తిప్పి ఆగాను. కింద పడవ ఒకసారి ఊగి గోడకు ఆని నిలబడింది. అప్పుడు మిగతా సగం తిప్పాను. నాకెవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే ఆగింది. అవతలి గట్టున మా ఆవిడ చూస్తోంది, వానలో కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మొహం చూసి కంగారుపడేది.

లాకు తలుపు తెరవడానికి పొడవాటి దూలం ఉంటుంది, దానికి వీపు ఆనించి తొయ్యాలి. కాలు జారకుండా నేలలో ఇటుకలు వరసగా ఎత్తుగా పేర్చి ఉంటాయి. వానలో ఆ ఇటుకల మీదే కాలు పెట్టండి, పక్కనున్న నాచు మీద వద్దు. తలుపు మీద నుంచి అవతలికి దాటేటప్పుడు కమ్మీ వదలొద్దు.

ఇంకో మాట. ఒక్కో లాకు నిండడానికి సుమారు లక్ష లీటర్లు కావాలి. పడవ దాటిన ప్రతిసారీ అన్ని నీళ్లూ కిందికి పోతాయి. ఆ నీళ్లు ఎక్కువగా వానలకు నిండే చెరువుల నుంచే రావాలి. 2025 ఎండాకాలంలో వానల్లేక లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువ మీద లాకులు మూసేశారు, మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేసినట్టే. అందుకని ఆ వానను నేను తిట్టుకోలేకపోయాను.

లోపల చిన్న పొయ్యి ఉంటుంది, బొగ్గుదీ కట్టెలదీ. మా ఆవిడ తడి సాక్సులు దాని పక్కన ఆరేసి, గ్యాసు మీద ఉప్మా చేసింది. కిటికీలన్నీ ఆవిరి పట్టాయి. అల్లం టీ స్టీలు గ్లాసులో పోసి, చెయ్యి కాలకుండా తువ్వాలు చుట్టి, వెనక తలుపులోంచి అందించింది. నా టోపీ అంచు నుంచి చుక్కలు అందులోనే పడుతున్నాయి. అలాగే తాగాను.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. సాయంత్రం గట్టులో ఇనప మేకులు కొట్టి మోకులు కట్టాం. నానిన నేల మెత్తగా ఉంది. పక్కనుంచి ఇంకో పడవ జోరుగా పోయింది, ముందు మేకు పీక్కొచ్చింది. చూసేసరికి మా పడవ ముక్కు కాలువకు అడ్డంగా తిరిగి ఉంది. మోకు పట్టుకుని ముగ్గురం లాగాం, పది నిమిషాల పని. వాన పడ్డ రోజు ఒక్కో చోట రెండేసి మేకులు కొట్టండి.

కృష్ణలంక నుంచి రెడింగ్:

అన్నగారు చెప్పినదానికి రెండు మూడు కలుపుతాను. వానకంటే గాలి ఎక్కువ ఇబ్బంది. అడుగు చదును కాబట్టి పక్కగాలికి పడవ తేలిగ్గా గట్టుకు కొట్టుకుపోతుంది. ఈదురుగాలి ఉంటే కట్టేసి కూర్చోవడమే మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు లాకుల్లో కిందికి దిగుతారు. అసలు జాగ్రత్త అప్పుడు. పై తలుపు దగ్గర నీళ్లలో కనపడని రాతి గుమ్మం ఉంటుంది. నీళ్లు దిగుతుంటే పడవ వెనక భాగం దాని మీద చిక్కుకుందంటే ముందు భాగం కిందికి వాలిపోతుంది, మునిగేది అలాగే. గోడ మీద తెల్లగీత ఉంటుంది, దానికి ముందుకే ఉండాలి. వాన ఎంత కురిసినా ఒక మనిషి కళ్లు ఆ గీత మీదే ఉండాలి.

నది వరద మీ దారిలో లేదు. ఆల్రెవస్ దగ్గర ట్రెంట్ నది కాలువను దాటుతుంది, మీరు అటు వెళ్లడం లేదు. కాలువ నీళ్లు తగిలిన చేత్తో మాత్రం తినొద్దు, సబ్బుతో కడుక్కోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో జ్వరం వస్తుంది. రెయిన్‌కోటుతో పాటు రెయిన్ ప్యాంటూ కొనండి. చీరతో లాకు పని చెయ్యొద్దమ్మా.

బందరు కాలువ గట్టు:

ఇద్దరికీ చాలా థాంక్స్. మావారికి చదివి వినిపించాను. లస్కరుగారి గోనెసంచి దగ్గర ఆయనే ఆపి మళ్లీ చదవమన్నారు, వాళ్ల మేనమామ కూడా లాకుల దగ్గరే చేశారట! ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. వెళ్తున్నాం. కానీ మోకాళ్లతో ఆయన ఏ పని చెయ్యగలరు? ఊరికే కూర్చోమంటే బాధపడతారు.

దుగ్గిరాల లాకులు:

చుక్కాని ఇవ్వండి చెల్లెమ్మా. లాకుల దగ్గర ఎక్కి దిగేది మిగతావాళ్లు, పడవ మీద ఉండిపోయేది ఆయన. స్టోన్ ఊరికి ముందు మీకు తగిలేవి నాలుగే లాకులు: హూ మిల్, వెస్టన్, శాండన్, ఆస్టన్. ఒక్కో దానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. పొడుగు స్టూలు ఇస్తారేమో పడవ వాళ్లనే అడగండి, మాకు ఇచ్చారు. తెల్లగీత సంగతి ఆయనకు బయల్దేరకముందే చెప్పండి. శాండన్ దగ్గర వాన పడితే షట్టరు సగం ఎత్తి ఆగమని మీ అల్లుడికి కూడా చెప్పండి.