గ్రెండెల్ తల్లి చేసింది తప్పెలా అవుతుంది?

ప్రశ్న – వానకోయిల

అందరికీ నమస్తే. నేను సిద్దిపేట దగ్గర ఒక కాలేజీలో ఎం.ఏ. ఇంగ్లిష్ మొదటి సంవత్సరం వాళ్లకు చెప్తాను. ఈ వారం బియోవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ వీరకావ్యం నడుస్తోంది. నిన్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

బోర్డు మీద రెండు వరసలు రాశాను. మంచి కింద కథానాయకుడు బియోవుల్ఫ్, డెన్మార్క్‌లోని డేన్ల రాజు హ్రోత్‌గార్. చెడు కింద రాక్షసుడు గ్రెండెల్, వాడి తల్లి, చివర్లో వచ్చే డ్రాగన్. నా చదువప్పుడు మా సార్ ఇలాగే చెప్పారు. గ్రెండెల్ సంగతి పిల్లలకు వెంటనే ఎక్కింది. పన్నెండేళ్లు రాత్రిళ్లు వచ్చి, రాజు కట్టించిన హెయొరోట్ మందిరంలో పడుకున్నవాళ్లను చంపి తిన్నవాడు. బియోవుల్ఫ్ కత్తి ముట్టకుండా వాడి చెయ్యి పట్టుకుని భుజం దాకా ఊడబెరికితే క్లాసంతా సంతోషించింది.

మర్నాటి రాత్రి తల్లి వచ్చే ఘట్టం చెప్తుంటే వెనక బెంచీలో అమ్మాయి లేచింది. "మేడం, ఆమె కొడుకును చంపి, వాడి చెయ్యి చూరు కింద అందరికీ కనబడేట్టు పెట్టారు. ఆమె వచ్చి ఒక్క మనిషిని చంపి, కొడుకు చెయ్యి తీసుకుని పోయింది. ఆమె పేరు ఆ వరసలో ఎందుకు రాశారు?" అంది.

"రాక్షసి కదమ్మా" అన్నాను. అది జవాబు కాదని అంటున్నప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి ఇంకేం అడగకుండా కూర్చుంది. నాకు అదే బాధగా ఉంది.

కవి ఆమెను ఎటువైపు పెట్టాడు? మూలం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. సోమవారం మళ్లీ క్లాసు ఉంది.

జవాబు – పాతకాగితం

మేడం, మీ మొదటి జవాబులో తప్పేం లేదని నా అభిప్రాయం. కావ్యంలో మాట్లాడే కవి క్రైస్తవుడు. గ్రెండెల్‌ది, తల్లిది కయీను వంశం అని స్పష్టంగా చెప్తాడు. తమ్ముడు హేబెలును చంపి దేవుడు వెలివేసిన కయీను. సృష్టి ఎలా జరిగిందో పాడుతున్న పాట మందిరంలోంచి వినబడితేనే గ్రెండెల్ తట్టుకోలేకపోతాడు. సందు లేకుండా గీసిన గీత అది.

ఇంకొకటి. ఆ కాలంలో హత్య జరిగితే తీర్చుకోవడానికి ఒక దారి ఉంది. దాన్ని వెర్‌గిల్డ్ అనేవాళ్లు, అంటే మనిషి వెల. ఇంగ్లండులోని పాత రాజ్యం వెసెక్స్ చట్టాల్లో మామూలు రైతుకు 200 షిల్లింగులు, పెద్ద దొరకు 1200. చంపినవాడి తరఫువాళ్లు అది కడితే పగ అక్కడితో ఆగాలి. గ్రెండెల్ ఎవరికీ పైసా కట్టలేదని, కడతాడన్న ఆశ కూడా ఎవరికీ లేదని కవి ప్రత్యేకంగా చెప్తాడు. చంపుకుంటూ పోయేవాడికి, లెక్క తీర్చే మనిషికి తేడా అక్కడే ఉంది. బియోవుల్ఫ్ తండ్రి ఎక్జ్‌థియో ఒకణ్ని చంపి చిక్కుల్లో పడితే, ఆ వెల కట్టి పగ చల్లార్చింది హ్రోత్‌గారే. పిల్లలకు ఈ తేడా చెప్తే సరిపోతుంది.

జవాబు – నూనెదీపం

పాతకాగితం గారూ, వెర్‌గిల్డ్ గురించి మీరు చెప్పింది నిజం. అయితే అదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్తే ఆ అమ్మాయి ప్రశ్నే ఎదురొస్తుంది. గ్రెండెల్ ఆఖరి రాత్రి తిన్నది బియోవుల్ఫ్ వెంట వచ్చిన మనిషిని. అతనికి వెలగా హ్రోత్‌గార్ బంగారం ఇప్పించాడు. మరి గ్రెండెల్‌కు వెల ఎవరు కట్టారు? ఆ తల్లి ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలి? ఆమెకు మిగిలింది పగ ఒక్కటే. కవి కూడా ఆమెను తీసుకొచ్చేటప్పుడు మొదట వాడే మాట "పగ తీర్చుకునేది" అనే.

నేను ఇంగ్లండులో చదువుకున్నప్పుడు ఒక ఏడాది పాత ఇంగ్లిష్ నేర్చుకున్నాను. క్లాసులో ఈ భాగం మేం పంక్తి పంక్తి చదివాం. ఇప్పటికీ నన్ను వదలనిది ఆ రాత్రి వరస. గ్రెండెల్ చచ్చాడని విందు పెట్టుకున్నారు. ఆ విందులో పాటగాడు హిల్డెబుర్ కథ పాడతాడు. ఆమె డేన్ల ఆడపడుచు, ఫ్రిసియన్ల రాజు ఫిన్ భార్య. పుట్టింటికీ మెట్టింటికీ కొట్లాట జరిగి ఒకవైపు అన్నదమ్ముడు హ్నాఫ్, ఇంకోవైపు కొడుకు చచ్చిపోయారు. ఇద్దరినీ ఒకే చితి మీద పెట్టించి ఏడ్చింది. తర్వాత పగ మళ్లీ రేగి భర్త కూడా పోయాడు.

పాట అయిపోగానే హ్రోత్‌గార్ రాణి వెల్‌థియో లేచి గిన్నె అందిస్తూ, మొగుడి తమ్ముడి కొడుకు, పక్కనే కూర్చున్న హ్రోథుల్ఫ్ రేపు తన ఇద్దరు కొడుకులను బాగా చూసుకుంటాడని నమ్ముతున్నానంటుంది. ఆ నమ్మకం నిలబడదని కవి సూచనగా చెప్తూనే ఉంటాడు. తర్వాత అందరూ పడుకుంటారు. అప్పుడు గ్రెండెల్ తల్లి వస్తుంది.

ఒకే రాత్రి ముగ్గురు తల్లులు. ముగ్గురికీ కవి వాడిన మాట ఒకటి ఉంది: "ఇదెస్". గౌరవంగల స్త్రీ, దొరసాని అని అర్థం. హిల్డెబుర్ చితి దగ్గర ఏడ్చేటప్పుడు ఇదెస్. వెల్‌థియో మాట్లాడేటప్పుడు ఇదెస్. గ్రెండెల్ తల్లి తన దుఃఖం తలుచుకునేటప్పుడూ ఇదెస్. వెంటనే భయంకరమైనది అనే మాట కూడా తగిలించాడు, కాదనను. కానీ ముందు స్త్రీ అన్నాడు.

ఆమె చంపింది హ్రోత్‌గార్‌కు ప్రాణమిత్రుడైన ఆష్‌హెరెను. ఒక ప్రాణానికి ఒక ప్రాణం, అంతే. పోతూ తీసుకెళ్లిన చేతిని కవి "తెలిసిన చెయ్యి" అంటాడు. అందరికీ తెలిసిపోయిన చెయ్యి అని చెప్పేవాళ్లున్నారు. నాకైతే తల్లికి తెలిసిన చెయ్యి అనే వినబడుతుంది. రెండు పంక్తుల తర్వాత కవి తీర్పు ఇస్తాడు: ఇరువైపులా ఆత్మీయుల ప్రాణాలతో వెల కట్టాల్సి వచ్చిందే, అది మంచి బేరం కాదు అని. "ఇరువైపులా" అన్న మాట గమనించండి.

తెల్లారాక బియోవుల్ఫ్ రాజును ఓదారుస్తూ, ఎక్కువ ఏడ్చేకన్నా మిత్రుడి పగ తీర్చడం మేలు అంటాడు. ఆమె చేసిందీ అదే.

జవాబు – పాతకాగితం

ఇదెస్ సంగతి నాకు తెలియదు, మీ వల్ల తెలిసింది. అయినా ఒక మాట. వీరుడి ధర్మం, రాక్షసి ధర్మం ఒకటే అయితే వీరుడు ఎందుకు వీరుడు? పిల్లలు తర్వాత అడిగేది ఇదే.

జవాబు – నూనెదీపం

మంచి ప్రశ్న. నా జవాబు బియోవుల్ఫ్ మాటల్లోనే ఉంది. ఇంటికెళ్లి తన రాజు హిగెలాక్‌కు జరిగింది చెప్తూ, ఆమె తన బిడ్డ పగ తీర్చుకుంది, మనిషిని "ఎల్లెన్లిచె" చంపింది అంటాడు. అంటే ధైర్యంగా, పౌరుషంతో. "ఎల్లెన్" అనేది ఈ కావ్యం వీరులకు ఇచ్చే మాట. ఆమెను వెతుక్కుంటూ కొలనులోకి దిగినప్పుడు, అడుగున తన మీద కూర్చుని చురకత్తి తీసిన శత్రువుకు ఆయన ఆ మాట ఇచ్చాడు. ఆమె కయ్యం ఎక్కణ్నించి వచ్చిందో తెలిసీ దిగాడు, చంపాడు, వచ్చి నిజం చెప్పాడు. నా దృష్టిలో ఆయన వీరుడైంది అందుకే.

ఇంకొకటి కూడా చెప్పండి. కయీను పాపం బయట గ్రెండెల్ తిరిగే బురదనేలల్లోనే లేదు. హ్రోత్‌గార్ కొలువులో ఉండే ఉన్‌ఫెర్త్ సొంత అన్నదమ్ములను చంపినవాడని బియోవుల్ఫ్ అందరి ముందూ అంటాడు. ఆ ఉన్‌ఫెర్త్ కూర్చునేది రాజు కాళ్ల దగ్గర.

జవాబు – వానకోయిల

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఈరోజు క్లాసులో ముందుగా బోర్డు మీద రెండు వరసలూ మళ్లీ రాసి, తల్లి పేరున్న చోట చెరిపేశాను. "నువ్వు అడిగింది సరైన ప్రశ్న, మొన్న నేను చెప్పింది జవాబు కాదు" అని ఆ అమ్మాయికి అందరి ముందూ చెప్పాను. హిల్డెబుర్ కథ చదువుతుంటే గదిలో చప్పుడు లేదు. ఉన్‌ఫెర్త్‌ను ఏ వరసలో రాయాలో తేలక గంట కొట్టేదాకా వాదించుకున్నారు.

చివర్లో ఆ అమ్మాయే అడిగింది: "మేడం, మీరు చెరిపింది 'గ్రెండెల్ తల్లి' అని. ఆమె సొంత పేరేంటి?"

జవాబు – నూనెదీపం

పేరు లేదండీ. 3182 పంక్తుల్లో ఎక్కడా కవి చెప్పలేదు.

ఆఖర్న బియోవుల్ఫ్ చితి దగ్గర ఇంకో పేరులేని స్త్రీ ఉంది. జుట్టు ముడుచుకుని, రాబోయే యుద్ధాలు, చెర తలుచుకుని ఏడుస్తూ పాడుతుంది. ఈ కావ్యానికి ఉన్న ఒకే ఒక రాతప్రతి 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలి బతికింది. ఆమె ఉన్న చివరి పుట బాగా అరిగిపోయి, ఆ నాలుగైదు పంక్తుల్లో చాలా అక్షరాలను పండితులు ఊహించి పూరించారు. ఆ పుట ఫోటో బ్రిటిష్ లైబ్రరీ తీసింది ఉంది. మీకు పంపిస్తాను, క్లాసులో చూపించండి.